గుండెకు చికిత్స, నరానికి కాపలా

ఎడమ కర్ణికకు కుడివైపు నుంచి వచ్చి కలిసే పై సిర ముఖద్వారంలో బెలూన్ కూర్చోబెట్టి చల్లబరచడం మొదలుపెట్టగానే, క్యాథ్‌ల్యాబ్‌లో ఒకరు రోగి కుడి డొక్క కింద పొట్ట మీద అరచెయ్యి ఆనిస్తారు. నిమిషానికి నలభై నుంచి అరవైసార్లు ఆ చేతి కింద పొట్ట చిన్నగా ఎగిరిపడుతుంటుంది. అది గుండె దడ కాదు. మెడలోంచి దిగివచ్చే ఫ్రెనిక్ నరాన్ని, గుండెకు పైన ఉన్న మహాసిరలో ఉంచిన మరో తీగతో సన్నగా కరెంటు తాకిస్తూ కదిలిస్తుంటారు. కరెంటు తగిలిన ప్రతిసారీ ఛాతీకీ పొట్టకీ మధ్య ఉన్న కండర పొర డయాఫ్రమ్ ఒక్కసారి బిగుసుకుంటుంది. ఆ ఎగురు కాస్త మెత్తబడినా చెయ్యి పెట్టినవారు వెంటనే పైకి చెప్పాలి. డాక్టరు ఆ క్షణంలోనే చల్లబరచడం ఆపి బెలూన్ దించేయాలి. ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌కు చేసే అబ్లేషన్‌లో నరాలకు దెబ్బ తగిలే ప్రమాదం ఉందనీ, కాపలా కాస్తే దాన్ని చాలావరకు ఆపవచ్చనీ చెప్పడానికి ఇంతకంటే సూటి సాక్ష్యం అక్కర్లేదు. అయినా చికిత్సకు ముందు రోగితో జరిగే సంభాషణలో పక్షవాతం, రక్తస్రావం, గుండె చుట్టూ రక్తం చేరడం లాంటి పెద్ద ప్రమాదాలు ముందు వరసలో ఉంటాయి, నరాల మాట వెనక్కి పోతుంది. చిన్న ప్రమాదమే కదా అని దాన్ని దాటవేయడం సరికాదని నా వాదన. ఎందుకంటే ఇక్కడ ముందుగా తెలిసి ఉంటే చేసే పనే మారుతుంది. చికిత్సకు ముందూ మారుతుంది, బల్ల మీదా మారుతుంది, ఇంటికి చేరాక మరీ మారుతుంది.

ముందు జబ్బు సంగతి. గుండె పై గదులైన కర్ణికలు ఒక పద్ధతిలో ముడుచుకోవడం మాని ఊరికే అదిరిపోతూ ఉండటమే ఏట్రియల్ ఫిబ్రిలేషన్. నాడి లయ తప్పుతుంది. కొందరికి దడ, ఆయాసం, నీరసం ఉంటాయి, మరికొందరికి ఏమీ తెలియదు. కర్ణికలో రక్తం నిలిచి గడ్డకట్టి, ఆ గడ్డ మెదడుకు చేరితే పక్షవాతం వస్తుంది. ఈ జబ్బు ఉన్నవారికి ఆ ముప్పు మిగతావారికంటే దాదాపు ఐదు రెట్లని అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ అధ్యయనం చాలా ఏళ్ల కిందటే తేల్చింది. ఫ్రాన్స్‌లోని బోర్డో నగరంలో మిషెల్ ఐసగేర్ బృందం 1998లో 45 మంది రోగులను పరిశీలించి, ఈ అలజడిని రేపే విద్యుత్ తాకిళ్లలో 94 శాతం ఊపిరితిత్తుల నుంచి ఎడమ కర్ణికకు రక్తం తెచ్చే పుపుస సిరల్లోనే పుడుతున్నాయని చూపించింది. చికిత్స ఎక్కడ చేయాలో అప్పుడు తేలిపోయింది. గజ్జ దగ్గర సిరలోంచి క్యాథెటర్ ఎక్కించి, రెండు కర్ణికల మధ్య గోడకు చిన్న రంధ్రం చేసి అవతలికి చేరి, ఆ సిరల ముఖద్వారాల చుట్టూ వలయంలా కణజాలాన్ని చంపేస్తారు. మచ్చ పడ్డచోట విద్యుత్తు దాటదు. వేడితో కాల్చే పద్ధతి రేడియో ఫ్రీక్వెన్సీ, గడ్డకట్టించేది క్రయో బెలూన్, ఇటీవల వచ్చింది పల్స్‌డ్ ఫీల్డ్. కర్ణిక గోడ చాలాచోట్ల కొద్ది మిల్లీమీటర్ల మందమే ఉంటుంది. వేడి గానీ చలి గానీ గోడ అయిపోయినచోట ఆగదు, అవతల ఏముంటే దానికీ సోకుతుంది. చిక్కంతా అక్కడే.

అవతల ఉన్నవాటిలో మొదటిది ఫ్రెనిక్ నరం. మెడ దగ్గర వెన్నుపాము నుంచి వచ్చే మూడు, నాలుగు, ఐదో నరాల మూలాలు కలిసి ఇది పుడుతుంది. కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి. మనం మామూలుగా తీసే ఊపిరిలో సింహభాగం డయాఫ్రమ్‌ది, ఆ డయాఫ్రమ్‌ను కదిలించేవి ఈ రెండు నరాలే. కుడి నరం పై మహాసిరను ఒరుసుకుంటూ దిగి, కుడివైపు పై పుపుస సిర ముందు నుంచి కిందికి పోతుంది. స్పెయిన్ శరీర నిర్మాణ శాస్త్రవేత్త డామియన్ సాంచెజ్ క్వింటానా బృందం 2005లో మృతదేహాల్లో కొలిచి చూస్తే, నరానికీ మహాసిరకూ మధ్య అతి తక్కువ దూరం అర మిల్లీమీటరు కూడా లేదు. నరానికీ కుడి పై సిరకూ మధ్య సుమారు రెండు మిల్లీమీటర్లు. బెలూన్‌ను సిర లోపలికి ఎంత దూర్చితే నరానికి అంత దగ్గరవుతుంది. అందుకే 23 మిల్లీమీటర్ల చిన్న బెలూన్ కంటే సిర బయటే ఆగిపోయే 28 మిల్లీమీటర్ల పెద్ద బెలూన్ ఈ విషయంలో మెరుగని వైద్యులు అనుభవం మీద గ్రహించారు. ఎడమ ఫ్రెనిక్ నరం కర్ణికకు జేబులా అతుక్కుని ఉండే అపెండేజ్ పక్కగా పోతుంది. అక్కడ చికిత్స చేసేటప్పుడు దానికీ దెబ్బ తగలవచ్చు గానీ అది బాగా అరుదు.

ఎంతమందికి ఇలా జరుగుతుంది? ఈ ప్రశ్నకు ఒక్క అంకెతో జవాబు చెప్పేవారిని నమ్మకూడదు. ఎక్కువగా వేడితోనే చికిత్స జరిగిన రోజుల్లో, 2006లో ప్రచురితమైన ఒక అధ్యయనం ఐదు కేంద్రాల్లోని 3,755 మందిని చూసి 18 మందిలో ఫ్రెనిక్ నరం దెబ్బతిన్నట్టు గుర్తించింది. అంటే సుమారు అర శాతం. వారిలో 16 మందికి దెబ్బ కుడివైపే. క్రయో బెలూన్‌ను తొలిసారి గట్టిగా పరీక్షించిన అమెరికా ప్రయోగం స్టాప్ ఏఎఫ్ ఫలితాలు 2013లో వచ్చాయి. అందులో ఇది 11 శాతం పైమాటే. 2016లో ఐరోపాలో వేడినీ చలినీ ముఖాముఖి పోల్చిన ఫైర్ అండ్ ఐస్ ప్రయోగంలో బెలూన్ జట్టులో 2.7 శాతం మందికి ఇంటికి వెళ్లే రోజున కూడా నరం పనిచేయలేదు, వేడి జట్టులో ఒక్కరికీ అలా జరగలేదు. 2022లో ప్రచురితమైన యెటి రిజిస్ట్రీ అన్నిటికంటే పెద్దది. 10 దేశాల్లోని 33 కేంద్రాల్లో బెలూన్ చికిత్స పొందిన 17,356 మందిలో 731 మందికి, అంటే 4.2 శాతం మందికి నరం దెబ్బతింది. ఫైర్ అండ్ ఐస్ నాటి 2.7 నుంచి 4.2కు చేరింది కాబట్టి పరిస్థితి దిగజారిందని అనుకుంటే పొరపాటు. మొదటిది డిశ్చార్జి నాటి లెక్క. రెండోది బల్ల మీద ఎగురు మెత్తబడిన ప్రతి ఒక్కరినీ కలిపిన లెక్క, అందులో సగం మందికి పైగా, 394 మందికి, చికిత్స ముగిసేలోపే నరం కోలుకుంది. ఏ రోజున లెక్కపెట్టారో అడగకుండా శాతాలు పోల్చితే ఏ ఆస్పత్రి అయినా తనకు నచ్చిన అంకె చూపించుకోవచ్చు.

అదే రిజిస్ట్రీలో ఏడాది తరవాత చూస్తే, సమాచారం దొరికినవారిలో 97 శాతం మందికి నరం తిరిగి పనిచేస్తోంది. ఆయాసం లాంటి లక్షణాలతో, నరం శాశ్వతంగా చచ్చుబడి మిగిలినవారు మొత్తం రోగుల్లో 0.06 శాతం మాత్రమే. ఇంత బాగా కోలుకోవడానికి కారణం నరం నిర్మాణంలోనే ఉంది. చలి నరంలోని తంతువును చంపుతుంది గానీ దాని చుట్టూ ఉన్న తొడుగును సాధారణంగా పాడుచేయదు. కరెంటు తీగలో రాగి తెగినా పైన రబ్బరు గొట్టం చెక్కుచెదరకుండా ఉన్నట్టు. ఆ గొట్టంలోంచే కొత్త తంతువు రోజుకు దాదాపు ఒక మిల్లీమీటరు చొప్పున పెరుగుతూ డయాఫ్రమ్ దాకా చేరాలి. ఇక్కడే రోగికి తెలియవలసిన లెక్క ఉంది. గుండె పక్క నుంచి డయాఫ్రమ్‌కు పది పన్నెండు సెంటీమీటర్లు ఉందనుకుంటే, బాగవడానికి మూడు నాలుగు నెలలు పట్టడం రోగం ముదరడం కాదు, నరం పెరిగే వేగమే అంత. బల్ల మీద వెంటనే ఆపేసినవారికి దెబ్బ తంతువు తెగేదాకా వెళ్లకపోవచ్చు, అప్పుడు నిమిషాల్లోనో రోజుల్లోనో ఎగురు తిరిగి వస్తుంది. యెటి లెక్కల్లో నరం దెబ్బతిన్న సగటు సమయం చల్లబరచడం మొదలయ్యాక 128 సెకన్లు, అప్పటి సగటు ఉష్ణోగ్రత మైనస్ 49 డిగ్రీలు. ఒక్కో సిరను మూడు నాలుగు నిమిషాలు చల్లబరచడం మామూలు కాబట్టి, చెయ్యి పెట్టినవారు కాసేపు పరాకుగా ఉంటే నరానికి జరగాల్సిన నష్టం అంతా జరిగిపోతుంది.

అందుకే చేతి కాపలాకు తోడు ఇప్పుడు మరో సాధనం వాడుతున్నారు. డయాఫ్రమ్ బిగుసుకున్నప్పుడల్లా పుట్టే విద్యుత్ సంకేతాన్ని ఛాతీ మీద అతికించిన ఎలక్ట్రోడ్‌లతో తెరమీద గీతలా చూస్తారు. ఆ గీత ఎత్తు 30 శాతం తగ్గితే, చేతికి తేడా తెలియకముందే ఆపేస్తారు. ఈ రెండూ పనిచేయాలంటే మత్తు డాక్టరు సహకారం తప్పనిసరి. కండరాలను సడలించే మందు ప్రభావం ఇంకా ఉంటే నరం బాగున్నా పొట్ట ఎగరదు, కాపలా పెట్టి ఫలితం ఉండదు. రోగికి ఈ వివరాలన్నీ ఎందుకని అడగవచ్చు. యంత్రం ఎలా పనిచేస్తుందో రోగి నేర్చుకోనక్కర్లేదు. కానీ కుడి సిరల దగ్గర చేసేటప్పుడు నరాన్ని ఎలా గమనిస్తారని ఒక్క ప్రశ్న అడగడం రోగి హక్కు. ఆ పని రోజూ శ్రద్ధగా చేసే వైద్యుడికి ఆ ప్రశ్న సంతోషమే కలిగిస్తుంది, జవాబు ఒక నిమిషంలో వచ్చేస్తుంది.

సగటు లెక్కలు ఎవరి గురించో చెప్పవు. ఒకవైపు డయాఫ్రమ్ చచ్చుబడితే ఊపిరితిత్తుల సామర్థ్యంలో సాధారణంగా పావు వంతు వరకు తగ్గుతుంది, వెల్లకిలా పడుకుంటే ఇంకా తగ్గుతుంది. ఆరోగ్యంగా ఉండి, ఇంట్లో కూర్చునే పని చేసుకునే మనిషికి ఇది తెలియకుండానే గడిచిపోవచ్చు. క్వారీల్లో ఏళ్ల తరబడి రాతి దుమ్ము పీల్చినవారికి, బీడీలు తాగి ఊపిరితిత్తులు పాడైనవారికి, పాత క్షయ వల్ల ఒకవైపు ఊపిరితిత్తి కుంచించుకుపోయినవారికి అదే నష్టం నాలుగు మెట్లు ఎక్కనివ్వదు. నాదస్వరం ఊదేవారికీ హరికథ చెప్పేవారికీ నాలుగు నెలలు ఊపిరి చాలకపోవడమంటే నాలుగు నెలలు బతుకుతెరువు పోవడమే. వీరిలో ఎవరికైనా బెలూన్‌కు బదులు మరో పద్ధతి ఎంచుకోవాలనో, కుడి సిర దగ్గర మరింత జాగ్రత్తపడాలనో వైద్యుడు నిర్ణయించాలంటే ముందు ఆ విషయం ఆయనకు తెలియాలి. నరం మాట ఎత్తకుండా జరిగిన సంభాషణలో రోగి తన పాత క్షయ సంగతి చెప్పాలని ఎందుకు అనుకుంటాడు?

ఇంటికి వచ్చాక వచ్చే ఆయాసాన్ని గుర్తుపట్టడం మరో కష్టం. అబ్లేషన్ అయినవారికి ఊపిరి ఆడకపోతే గుండె బలహీనపడిందనో, నిమోనియా అనో, జబ్బు తిరగబెట్టిందనో మొదట అనుకోవడం సహజం. వీటన్నిటినీ చూడాల్సిందే, కాదనను. అయితే పడుకుంటే పెరిగే ఆయాసం, చికిత్స రోజు నుంచే పట్టుకున్న పొడి దగ్గు, వదలని ఎక్కిళ్లు ఫ్రెనిక్ నరం వైపు వేలు చూపిస్తాయి. పరీక్ష కష్టమేమీ కాదు. మామూలు ఛాతీ ఎక్స్‌రేలో కుడి డయాఫ్రమ్ పాత ఎక్స్‌రేలో కంటే పైకి లేచి కనిపిస్తుంది. కాలేయం వల్ల కుడివైపు ఎప్పుడూ కాస్త ఎత్తుగానే ఉంటుంది కాబట్టి పాత ఎక్స్‌రే దగ్గరుంటే మంచిది. ఇంకా అనుమానంగా ఉంటే ఎక్స్‌రే తెర ముందు నిలబెట్టి ముక్కుతో ఒక్కసారి గట్టిగా పీల్చమంటారు. బాగున్న వైపు డయాఫ్రమ్ చటుక్కున కిందికి దిగుతుంది, చచ్చుబడిన వైపు తిరగబడి పైకి లేస్తుంది. అల్ట్రాసౌండ్‌తోనూ ఇదే చూడవచ్చు. నరాన్ని తొందరగా పెంచే మందు లేదు. శ్వాస వ్యాయామాలు చేస్తూ, వేచి ఉండి, మధ్యలో మళ్లీ పరీక్షించుకోవడమే వైద్యం. ఏడాది దాటినా కోలుకోక బాగా ఇబ్బంది పడే బహు కొద్దిమందికి వదులుగా ఉన్న డయాఫ్రమ్‌ను కుట్టి బిగించే శస్త్రచికిత్స ఉంది. కారణం తెలియక గుండె మందుల మోతాదు పెంచుకుంటూ పోవడం కంటే, కారణం తెలిసి ఓపిక పట్టడం ఎంతో మేలు.

రెండో నరం గురించి మన దగ్గర మరీ తక్కువ మాట్లాడుకుంటాం, నిజానికి మనం ఎక్కువ మాట్లాడుకోవాల్సింది దాని గురించే. ఎడమ కర్ణిక వెనక గోడను ఆనుకునే అన్నవాహిక ఉంటుంది. దాని మీద వలలా అల్లుకుని వేగస్ నరం శాఖలు కిందికి దిగి, జీర్ణాశయం కదలికనూ కింది ద్వారం తెరుచుకోవడాన్నీ నడిపిస్తాయి. కర్ణిక వెనక గోడకు తగిలిన వేడి లేదా చలి ఈ శాఖలకు సోకితే తిన్నది ముందుకు కదలదు. 2005లో వెలువడిన ఒక నివేదికలో 367 మందిలో నలుగురికి ఇలా జరిగింది. నాలుగు ముద్దలు తినగానే కడుపు నిండిపోయినట్టుంటుంది, పొట్ట ఉబ్బుతుంది, నిన్న తిన్నది ఇవాళ వాంతి అవుతుంది. ఎక్కువమందికి కొన్ని వారాల్లోనో నెలల్లోనో సర్దుకుంటుంది. అంతవరకు నూనె, పీచు తగ్గించి కొద్దికొద్దిగా ఎక్కువసార్లు తినమంటారు. తెలుగు ఇళ్లలో ఈ లక్షణాలన్నిటికీ ఒకే పేరు ఉంది, గ్యాస్. గుండె చికిత్సకూ పొట్ట ఉబ్బరానికీ సంబంధం ఉంటుందని ఎవరికీ తోచదు. మందుల షాపులో అడిగితే ఆసిడ్ తగ్గించే మందుతో డోంపెరిడోన్ కలిసిన బిళ్ల చేతిలో పెడతారు. డోంపెరిడోన్ గుండె విద్యుత్తు సర్దుకునే వ్యవధిని సాగదీయగలదు. అబ్లేషన్ అయినవారిలో చాలామంది కొన్ని వారాలపాటు వాడే అమియోడరోన్, సొటలోల్ లాంటివీ అదే పని చేస్తాయి. రెండూ కలిస్తే ప్రమాదకరమైన లయ పుట్టే అవకాశం ఉంది. ఆ బిళ్ల ఎప్పుడూ వాడకూడదని కాదు, గుండె డాక్టరుకు చెప్పకుండా వాడకూడదని. ఇక మధుమేహం ఉన్నవారి పరిస్థితి ఇంకా సున్నితం. చక్కెర జబ్బు ఏళ్ల తరబడి ఉంటే వేగస్ నరం అప్పటికే నీరసించి ఉండవచ్చు. అలాంటివారికి జీర్ణాశయం ఆగిపోయినప్పుడు ఎప్పటిలాగే ఇన్సులిన్ వేసుకుంటే, తిన్నది రక్తంలోకి చేరకముందే చక్కెర పడిపోతుంది.

ఇంకొక మాట నరాల పరిధి దాటినా చెప్పక తప్పదు. అదే అన్నవాహిక గోడ లోతుగా కాలితే, కొన్నాళ్లకు అది చిల్లు పడి ఎడమ కర్ణికతో కలిసిపోయే ఉపద్రవం ఉంది. ఐదున్నర లక్షలకు పైగా చికిత్సలను లెక్కలోకి తీసుకున్న పాటర్ ఏఎఫ్ అధ్యయనంలో ఇది 0.025 శాతం, అంటే నాలుగు వేల చికిత్సల్లో ఒకటి. వచ్చినవారిలో మూడింట రెండు వంతుల మంది చనిపోయారు. చికిత్సైన ఒకటి నుంచి నాలుగు వారాల్లో, కొందరికి రెండు నెలల దాకా, జ్వరం, మింగితే నొప్పి, ఛాతీ నొప్పి, పక్షవాతం లాంటి లక్షణాలతో బయటపడుతుంది. ఇది ఉన్న మనిషికి ఎండోస్కోపీ చేస్తే లోపలికి పంపే గాలి ఆ చిల్లులోంచి గుండెకూ అక్కడి నుంచి మెదడుకూ చేరి ప్రాణం తీయగలదు. అనుమానం ఉంటే చేయాల్సింది ఛాతీ సీటీ స్కాన్. హైదరాబాద్‌లోనో విశాఖలోనో అబ్లేషన్ చేయించుకుని సొంత ఊరికి చేరిన మనిషి, పొట్ట బాధ అంటూ దగ్గరి పట్టణంలోని డాక్టరు దగ్గరికి వెళ్తే, ఆ డాక్టరు ఎండోస్కోపీ రాయడం మామూలు పరిస్థితుల్లో తప్పే కాదు. మూడు వారాల కిందట గుండెకు అబ్లేషన్ జరిగిందన్న ఒక్క మాట రోగి నోటి నుంచి రాకపోవడమే తప్పు. ఆ మాట రావాలంటే గుండెకూ అన్నవాహికకూ మధ్య ఎంత దగ్గరితనం ఉందో రోగికి ముందే తెలిసి ఉండాలి. ప్రమాదం గురించి చెప్పడం భయపెట్టడానికి కాదు, ప్రాణం కాపాడటానికి అనేది ఇందుకే.

నరానికి తగిలిన ప్రతి దెబ్బా నష్టమే అనుకోనక్కర్లేదని కూడా చెప్పాలి. కర్ణిక బయటి గోడ మీద, సిరల ముఖద్వారాల దగ్గర గుండెకే సొంతమైన నరాల ముడులు ఉంటాయి. అబ్లేషన్‌లో అవి కొంత కాలిపోతాయి. దాంతో విశ్రాంతిలో నాడి వేగం నిమిషానికి పది దాకా పెరిగి, కొన్ని నెలలు అలాగే ఉండవచ్చు. ఇటలీలో కార్లో పప్పోనే బృందం 2004లో 297 మందిని పరిశీలించి, ఈ వేగస్ ముడులు దెబ్బతిన్నవారిలో జబ్బు తిరగబెట్టడం తక్కువని చెప్పింది. ఆ ముడులను ప్రత్యేకంగా వెతికి కాల్చితే అదనపు లాభం ఉంటుందా అన్నది ఇంకా తేలని తగువు. రోగికి మటుకు ఇందులో పనికొచ్చే సంగతి ఒకటే. చికిత్స తరవాత నాడి కాస్త వేగంగా, లయ తప్పకుండా నడుస్తున్నంత మాత్రాన జబ్బు తిరిగి వచ్చిందని కాదు.

ఇక ఈ వాదనకు వచ్చే అభ్యంతరాలు. మొదటిది గట్టిదే. ఇంత అరుదైన వాటిని ఏకరువు పెడితే రోగి బెదిరిపోయి, అవసరమైన చికిత్స మానుకుంటాడు కదా? మన సుప్రీంకోర్టు కూడా 2008 జనవరిలో సమీరా కోహ్లీ కేసు తీర్పులో దాదాపు ఈ మాటే చెప్పింది. చికిత్స స్వభావం, ప్రయోజనం, ప్రత్యామ్నాయాలు, గణనీయమైన ప్రమాదాలు, చికిత్స వద్దంటే జరిగేది రోగికి చెప్పాలి, మరీ దూరపు ప్రమాదాలను చెప్పి భయపెట్టనక్కర్లేదు అని. దాన్ని కాదనాల్సిన పని లేదు. కానీ బెలూన్ బల్ల మీద నూటికి నలుగురికి కనిపించేది దూరపు ప్రమాదం కిందికి రాదు. శాశ్వత నష్టం 0.06 శాతమే అన్నది నిజమే, ఆ మాట కూడా అదే నోటితో చెబితే భయం పెరగదు, తగ్గుతుంది. అసలు భయపెట్టేది ఏమిటంటే, ఏమీ చెప్పకుండా పంపేస్తే ఇంటికొచ్చి పడుకున్న రాత్రి ఊపిరి అందక లేచి కూర్చోవడం. ప్రమాదం ఎంత అరుదో లెక్కిస్తే సరిపోదు, తెలిస్తే రోగి చేయగలిగిన పని ఏమైనా ఉందా అని కూడా చూడాలి. ఫ్రెనిక్ విషయంలోనూ వేగస్ విషయంలోనూ అలాంటి పని ఉంది. రద్దీ ఓపీల్లో డాక్టరుకు ఇంత తీరిక ఎక్కడిదన్నది మరో అభ్యంతరం. తీరిక లేదన్నది నిజం. అయితే ఈ సంగతి మొత్తం తెలుగులో ఒక పేజీలో పడుతుంది. నర్సు గానీ టెక్నీషియన్ గానీ ఐదు నిమిషాల్లో చదివి వినిపించవచ్చు. ఇంగ్లీషులో ఉన్న సమ్మతి పత్రం మీద కొడుకో అల్లుడో సంతకం పెట్టి, రోగి మటుకు ఏం జరగబోతోందో తెలియకుండా బల్ల ఎక్కడం కంటే అది వెయ్యి రెట్లు మేలు.

పల్స్‌డ్ ఫీల్డ్ వచ్చేసింది కదా, ఇంకా ఈ నరాల గొడవ ఎందుకన్న ప్రశ్న ఇప్పుడు ఎక్కువగా వినిపిస్తోంది. ఆ పద్ధతిలో వేడీ చలీ ఉండవు. సెకనులో అతి చిన్న భాగం పాటు పంపే అధిక వోల్టేజీ తాకిళ్లు కణాల పొరకు సూక్ష్మ రంధ్రాలు చేసి చంపుతాయి. గుండె కండర కణాలు తక్కువ మోతాదుకే లొంగుతాయి, నరాలు తట్టుకుంటాయి. అమెరికాలో 2023 డిసెంబరులో ఒకటి, 2024 జనవరిలో మరొకటి ఇలాంటి పరికరాలకు అనుమతి వచ్చింది. న్యూయార్క్ మౌంట్ సినాయ్ ఆస్పత్రి వైద్యుడు వివేక్ రెడ్డి తదితరులు 17,642 మంది వివరాలతో 2024లో ప్రచురించిన మానిఫెస్ట్ 17కె నివేదికలో ఫ్రెనిక్ నరం శాశ్వతంగా చచ్చుబడినవారు ఒక్కరూ లేరు, తాత్కాలికంగా 11 మందికి జరిగింది. అన్నవాహికకు నష్టం ఒక్కరిలోనూ కనిపించలేదు. ఇది నిజంగా పెద్ద ముందడుగు, దాన్ని తక్కువ చేయను. అయితే అదే నివేదికలో గుండెకు రక్తమిచ్చే ధమని బిగుసుకుపోవడం, ఎర్ర రక్తకణాలు విరిగి మూత్రపిండాలు దెబ్బతినడం లాంటి కొత్తరకం ఉపద్రవాలు అరుదుగానైనా నమోదయ్యాయి. అన్నిటికంటే ముఖ్యం, కొత్త పరికరం ఖరీదైనది, అన్ని ఊళ్లకూ ఒకేసారి రాదు. వేడితో, చలితో చికిత్స ఇంకా చాలా ఏళ్లు సాగుతుంది, ఇప్పటికే ఆ చికిత్స పొందినవారూ మన మధ్యే ఉన్నారు. రోగి అడగాల్సింది నాకు ఏ పద్ధతిలో చేస్తున్నారని. దాన్నిబట్టే ఏ నరం గురించి ఎంత ఆలోచించాలో తేలుతుంది.

ఇదంతా చదివి అబ్లేషన్ వద్దనుకునేవారు ఉంటే అది నేను కోరుకున్నది కాదు. చికిత్స లేకుండా ఉండటానికీ ధర ఉంది. లయను నిలబెట్టడానికి ఏళ్ల తరబడి వాడే అమియోడరోన్ థైరాయిడ్‌నూ ఊపిరితిత్తులనూ దెబ్బతీయగలదు. గుండె బలహీనపడి ఏట్రియల్ ఫిబ్రిలేషన్ కూడా ఉన్న 363 మందితో 2018లో వెలువడిన క్యాసిల్ ఏఎఫ్ ప్రయోగంలో, మందులతో సరిపెట్టినవారికంటే అబ్లేషన్ చేసినవారిలో మరణాలు తక్కువ. సరైన రోగికి, అనుభవమున్న చేతుల్లో ఇది చేయించుకోదగ్గ చికిత్సే. ఒప్పుకునే ముందు డాక్టరును నాలుగు మాటలు అడగండి. నాకు చేసేది వేడితోనా, చలితోనా, పల్స్‌డ్ ఫీల్డా? కుడివైపు చేసేటప్పుడు ఫ్రెనిక్ నరాన్ని ఎలా గమనిస్తారు? నా ఊపిరితిత్తుల పాత జబ్బు, నా మధుమేహం దీన్ని మారుస్తాయా? ఇంటికి వెళ్లాక ఆయాసం గానీ పొట్ట బాధ గానీ వస్తే ఏ నంబరుకు ఫోన్ చేయాలి? డిశ్చార్జి పత్రాన్ని, చికిత్సకు ముందు తీసిన ఎక్స్‌రేను రెండు నెలల పాటు బీరువాలో కాక చేతికందేచోట ఉంచుకోండి. ఆ రెండు నెలల్లో ఎవరైనా ఎండోస్కోపీ చేయిద్దామంటే, మీకు అబ్లేషన్ చేసిన డాక్టరుతో మాట్లాడకుండా ఒప్పుకోకండి.